విహారయాత్రా, ధమ్మయాత్రా?

ఆగస్టు నెల వస్తే బడుల నుంచి, కాలేజీల నుంచి బస్సులు బయలుదేరతాయి. సబర్మతి ఆశ్రమానికి, అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌కు, దండి తీరానికి, అండమాన్ సెల్యులార్ జైలుకు జనం వెళుతుంటారు. మార్చి 20 దగ్గరపడితే మన వాడల్లో మహాడ్ ప్రయాణం మాట మొదలవుతుంది. అక్టోబరులో నాగపూర్, డిసెంబరులో ముంబాయి. సామాజిక కార్యకర్తలుగా మేము ఈ రెండు రకాల ప్రయాణాలకూ యువతీయువకులను తీసుకువెళుతుంటాము. బయలుదేరే ముందు ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “ఆ చోట్లకు మనమెందుకు వెళ్ళాలి?”

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. అడిగేవాళ్ళలో కూలి పని చేసుకునేవాళ్ళున్నారు. నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని, రైలు ఛార్జీలు పెట్టుకుని ఒక గోడనో ఒక చెరువునో చూసి వస్తే ఏమొస్తుందన్నది వాళ్ళ లెక్క. చదువుకున్న పిల్లల ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నాడు మన తాతలకు ఊరి బావిలో నీళ్ళు తోడుకునే వీలు లేదు కదా, మరి ఆ స్వాతంత్ర్యపు గుర్తుల ముందు మనం తల వంచడం ఏమిటి అని వాళ్ళు అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగితేనే ప్రయాణానికి అర్థముంటుంది. లేకపోతే ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకాలు కొనడమే మేలు.

జవాబు కోసం ముందుగా అశోకుని దగ్గరికి వెళదాం. గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన పద్నాలుగు శాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిలో ఎనిమిదోది యాత్రల గురించి. పూర్వపు రాజులు విహారయాత్రలకు వెళ్ళేవారని, వేట, వినోదం వాటిలో భాగమని, తాను మాత్రం పట్టాభిషేకమైన పదేళ్ళకు సంబోధికి, అంటే బుద్ధగయకు, వెళ్ళానని, అప్పటి నుంచి తన ప్రయాణాలు ధమ్మయాత్రలయ్యాయని అందులో చెప్పుకున్నాడు. ఆ యాత్రల్లో ఏం చేసేవాడో కూడా చెక్కించాడు. శ్రమణులను, బ్రాహ్మణులను కలిసి దానాలివ్వడం, వృద్ధులను చూసి ఆదుకోవడం, పల్లె జనాన్ని కలుసుకుని ధమ్మం గురించి చెప్పడం, వాళ్ళతో చర్చించడం.

విహారయాత్ర అనే మాట ఇన్ని శతాబ్దాల తర్వాత కూడా మన తెలుగులో దాదాపు అదే అర్థంతో బతికి ఉంది. ధమ్మయాత్ర మాత్రం వాడుక నుంచి జారిపోయింది. ఆ శాసనంలో ఒక సంగతి గమనించాలి. అశోకుడు చెప్పిన జాబితాలో రాళ్ళు లేవు, మనుషులున్నారు. ఒక ప్రయాణం ధమ్మయాత్ర అవుతుందా లేదా అన్నది వెళ్ళిన చోటి గొప్పతనాన్ని బట్టి తేలదు. అక్కడి మనుషులతో మనం ఎలా మెలిగాం, వాళ్ళకు ఏం చేశాం అన్నదాన్ని బట్టి తేలుతుంది.

అశోకుని కన్నా ముందే తథాగతుడు ఈ విషయంలో దారి చూపాడు. పరినిబ్బానం దగ్గరపడిన రోజుల్లో ఆనందుడికి ఒక దిగులు కలిగింది. ఇన్నాళ్ళూ వర్షావాసం ముగియగానే భిక్ఖువులు నలుదిక్కుల నుంచి బుద్ధుని చూడడానికి వచ్చేవారు. ఇక మీదట ఎవరిని చూడడానికి వస్తారు? దానికి బుద్ధుడు నాలుగు చోట్లు చెప్పాడు: తాను పుట్టిన చోటు, బోధి పొందిన చోటు, మొదటి ధమ్మదేశన చేసిన చోటు, దేహం విడిచే చోటు. మహాపరినిబ్బాన సుత్తం వాటిని మొక్కులు తీర్చే క్షేత్రాలుగా చెప్పలేదు. సంవేజనీయ స్థానాలు అంది. సంవేగం కలిగించే చోట్లు అని.

సంవేగమంటే ఏడుపు కాదు, పూనకం కాదు. నిద్రలో ఉన్న మనిషిని భుజం పట్టి కుదిపితే కలిగే ఉలికిపాటు లాంటిది. లోకం ఇలా ఉంది, కాలం గడిచిపోతోంది, చేయవలసిన పని మిగిలే ఉంది అన్న తెలివి గుండెకు తగలడం. సంవేగానికి జతగా పాళీ గ్రంథాలు పసాదమనే మాట వాడతాయి. అంటే కలక పోయి తేటపడిన మనసు. మన వాడుకలో ప్రసాదమంటే దోసిట్లో పెట్టించుకుని తినేది. ఒక మాట ఎంత దూరం జరిగిపోయిందో చూస్తే, మన యాత్రలు ఎలా మారిపోయాయో కూడా తెలుస్తుంది.

ఈ రెండు కొలతలనూ చేతబట్టుకుని స్వాతంత్ర్య పోరాట స్థలాలకు వెళ్ళి చూద్దాం.

మొదట జలియన్‌వాలా బాగ్. 1919 ఏప్రిల్ 13, బైసాఖీ పండుగ రోజు. చుట్టూ ఇళ్ళు, గోడలు ఉన్న ఆ ఖాళీ స్థలంలో పోగైన జనం మీద జనరల్ డయ్యర్ ఏ హెచ్చరికా లేకుండా కాల్పులు జరిపించాడు. 1650 తూటాలు పేలాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. అసలు సంఖ్య అంతకన్నా చాలా ఎక్కువన్నది అప్పటి నుంచీ ఉన్న మాట. గోడల మీద తూటా దెబ్బలు, ప్రాణభయంతో జనం దూకిన బావి ఇప్పటికీ ఉన్నాయి.

ఆ బాగ్‌లోకి వెళ్ళే ఇరుకు సందే ఆ చోటిలో అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడేది. డయ్యర్ సైనికులు ఆ సందులోంచే వచ్చారు. ఆయన వెంట తెచ్చిన సాయుధ వాహనాలు అందులో పట్టలేదు. రెండు బోసి గోడల మధ్య నడుస్తుంటే, లోపల చిక్కుకున్నవాళ్ళకు బయటి దారి ఎంత సన్ననిదో ఒంటికి తెలిసేది. 2021లో బాగ్‌ను కొత్తగా తీర్చిదిద్దినప్పుడు ఆ సందు గోడల నిండా శిల్పాలు పెట్టారు. కొందరు చరిత్రకారులు దానికి అభ్యంతరం చెప్పారు. మేము ఆ అభ్యంతరాన్ని అందచందాల గొడవగా చూడడం లేదు. బోసి గోడ మనిషిని నిలదీస్తుంది, ముస్తాబు చేసిన గోడ మనిషిని ఊరడిస్తుంది. ఊరట పొందినవాడు ఫొటో తీసుకుని ముందుకు పోతాడు. సంవేగం కలగవలసిన చోట వినోదం కలిగితే, అది అశోకుడు మానేసిన విహారయాత్రే అవుతుంది.

అక్కడ నిలబడ్డ పిల్లల్లో కోపం పొంగడం సహజం. పగ పగతో ఆరదని నమ్మేవాళ్ళం కాబట్టి ఆ కోపాన్ని ఏం చేయాలన్నది మనకు ముఖ్యమైన ప్రశ్న. మేము వాళ్ళ ముందు ఒక వాస్తవం పెడతాము. ఆజ్ఞ ఇచ్చింది డయ్యర్. తుపాకులు పేల్చినవాళ్ళు మాత్రం తెల్ల సైనికులు కారు. గూర్ఖాలు, ఈ ఉపఖండంలోనే సైన్యంలో చేరిన ఇతరులు. వాళ్ళూ పేదింటి బిడ్డలే అయి ఉండాలి. ఎదుటివాడు తనలాంటి మనిషేనన్న తలపును ఆ పది నిమిషాలు ఏది ఆపింది? ఆజ్ఞకు లోబడే అలవాటు. ఆ అలవాటు ఒక జాతి సొత్తు కాదు. మన పల్లెల్లో ఫలానా వాడలోకి వెళ్ళొద్దు, ఫలానా వాళ్ళకు గ్లాసు ఇవ్వొద్దు అనే ఆజ్ఞను ఎవరూ తుపాకీ పట్టుకుని అమలు చేయలేదు. తరతరాలుగా జనం వాళ్ళంతట వాళ్ళే అమలు చేశారు. ఇంత దాకా ఆలోచన సాగితే కోపం పగగా గడ్డకట్టదు, తెలివిగా మారుతుంది. హింసకు కారణాలేమిటో వెతకడం నేర్చినవాడు డయ్యర్ పేరును తిట్టి ఊరుకోడు.

ఇక కష్టమైన భాగానికి వద్దాం. 1930 మార్చి నెలను తీసుకోండి. మార్చి 12న గాంధీ తన అనుచరులతో సబర్మతి నుంచి దండికి ఉప్పు కోసం నడక మొదలుపెట్టారు. ఆ నడక ప్రపంచానికంతా తెలుసు. అంతకు పది రోజుల ముందు, మార్చి 2న, నాసిక్‌లో బాబాసాహెబ్ నాయకత్వాన కాలారామ్ ఆలయ సత్యాగ్రహం మొదలైంది. ఒకటి విదేశీ ప్రభుత్వపు చట్టానికి ఎదురు నిలిచింది, రెండోది స్వదేశీ సమాజపు తలుపు ముందు నిలిచింది. ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నవాళ్ళకు మరుసటి ఏడాది ఒప్పందం దొరికింది. నాసిక్ సత్యాగ్రహం ఏళ్ళ తరబడి సాగినా ఆ తలుపు తెరుచుకోలేదు. దండిలో ఇప్పుడు జాతీయ స్మారకం ఉంది. నాసిక్ ఆలయానికి వచ్చే భక్తుల్లో ఎంతమందికి ఆ గుమ్మం ముందు జరిగిన పోరాటం తెలుసో అడిగి చూడండి.

న్యాయశాస్త్రం చదువుకున్న మాకు ఇంకో జంట కూడా తరచు గుర్తొస్తుంది. 1922 మార్చి 18న అహ్మదాబాద్‌లో గాంధీకి రాజద్రోహ నేరం కింద ఆరేళ్ళ శిక్ష విధించిన న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్. గాంధీ నేరం ఒప్పుకుని, శిక్ష వేయమని కోరారు. పదిహేనేళ్ళ తర్వాత, 1937 మార్చి 17న, బొంబాయి హైకోర్టులో మహాడ్ చవదార్ చెరువు కేసును బాబాసాహెబ్ పక్షాన తేల్చిన తీర్పు కూడా ఈ బ్రూమ్‌ఫీల్డ్‌దే. ఒకరు శిక్షను కోరి తీసుకుని ప్రభుత్వపు నైతిక బలాన్ని ప్రశ్నించారు. ఇంకొకరు పదేళ్ళు ఓపికగా వాదించి అదే న్యాయమూర్తి నోట తన జనం హక్కును చెప్పించారు. రెండూ పోరాటాలే. మన పిల్లల పాఠాల్లో మొదటి తీర్పు ఉన్నంతగా రెండోది లేదు. ఇందులో మింగుడుపడని సంగతి కూడా ఉంది. పక్కింటి సాటివాడు కాదన్న గుక్కెడు నీళ్ళు పరాయి దేశపు న్యాయమూర్తి నోట హక్కుగా రావలసి వచ్చింది. దేశభక్తి పేరుతో ఈ సంగతిని దాచకూడదు. దీన్ని పట్టుకుని పరాయి పాలన మంచిదనీ అనకూడదు.

“అలాంటప్పుడు సబర్మతికి మనం పోకపోతేనేం?” అని మన మిత్రులు కొందరు గట్టిగా అడుగుతారు. 1932 సెప్టెంబరులో ఎరవాడ జైలులో ఏ పరిస్థితుల్లో పూనా ఒప్పందం మీద సంతకాలు జరిగాయో తెలిసినవాళ్ళకు ఈ మాటలోని నొప్పి అర్థమవుతుంది. అయినా వెళ్ళాలన్నదే మా అభిప్రాయం. దానికి మూడు కారణాలు చెబుతాము.

మొదటిది సత్యం. తనకు నచ్చినదాన్నే చూసే కన్ను సమ్యక్ దృష్టి కాదు. 1915లో గాంధీ కోచ్రబ్ ఆశ్రమంలో ఒక అంటరాని కుటుంబాన్ని చేర్చుకున్నప్పుడు ఆశ్రమానికి వచ్చే విరాళాలు ఆగిపోయాయి, లోపలివాళ్ళే అలిగారు. అయినా ఆ కుటుంబాన్ని పంపలేదు. ఈ వాస్తవాన్నీ, ఎరవాడ వాస్తవాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడగలిగే గుండె బౌద్ధుడికి ఉండాలి. రెండోది వారసత్వం. మనం వెళ్ళని చోట కథ చెప్పే పని పూర్తిగా ఇతరుల చేతికి పోతుంది. స్వాతంత్ర్య పోరాటంలో మనవాళ్ళ చెమట, నెత్తురు కూడా ఉన్నాయి. 1857లో లక్నో సికందర్ బాగ్ పోరులో నేలకొరిగిందని చెప్పే ఊదాదేవి పాసీ కులస్థురాలు. ఆమె విగ్రహం అక్కడ ఉంది. వెళ్ళి అడిగేవాళ్ళుంటేనే ఆ పేరు నిలుస్తుంది. మూడోది రాజ్యాంగం. ఈ దేశం స్వతంత్రం కాకపోయి ఉంటే బాబాసాహెబ్ చేతి మీదుగా వయోజనులందరికీ సమానమైన ఓటు వచ్చేదా? దండి, నాసిక్ అనే రెండు పాయలూ కలిసిన చోటే మన పౌరసత్వం పుట్టింది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన హెచ్చరిక కూడా ఈ రెండు పాయల గురించే. రాజకీయాల్లో సమానత్వం, సమాజంలో, ఆర్థిక జీవితంలో అసమానత్వం. ఈ వైరుధ్యాన్ని తొందరగా తొలగించుకోకపోతే కట్టుకున్నదంతా కూలుతుందని ఆయన చెప్పారు.

ఇప్పుడు మహాడ్. ఇక్కడ మన పరీక్ష ఇంకా కఠినంగా ఉండాలి, ఎందుకంటే ఇది మన సొంత చోటు. 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానంతో ప్రజల చెరువులు, బావులు అందరికీ తెరవాలంది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ చవదార్ చెరువును తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద హక్కు వచ్చి మూడేళ్ళయినా ఒక్క దోసెడు నీళ్ళు అందలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలాదిమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగారు. తర్వాత సత్యాగ్రహుల మీద దాడులు జరిగాయి. చెరువుకు ఆవు పేడ, పంచితం పోసి శుద్ధి చేశారు. డిసెంబరులో మళ్ళీ సభ పెడితే కోర్టు ఉత్తర్వు అడ్డం వచ్చింది. కోపంతో ఉన్న వేలమందిని ఆయన చెరువు వైపు పోకుండా ఆపి, డిసెంబరు 25న మనుస్మృతిని తగలబెట్టించి, నీళ్ళ హక్కును కోర్టులో తేల్చుకున్నారు. మార్చి 20 నుంచి లెక్కిస్తే ఆ తీర్పు రావడానికి పదేళ్ళకు మూడు రోజులే తక్కువ.

మహాడ్ వెళ్ళినవాళ్ళు ఆ నీళ్ళను సీసాల్లో పట్టుకుని ఇంటికి తేవడం మేము చూస్తుంటాము. ప్రేమతో చేసే పనే, తప్పుపట్టము. కానీ ఆ నీళ్ళు గంగాజలం కాకుండా కాపాడుకోవలసింది మనమే. బాబాసాహెబ్ ఆ నీళ్ళు తాగింది అవి పవిత్రమని కాదు. ఊళ్ళో ఎవరైనా, పశువైనా తాగే మామూలు నీళ్ళని చెప్పడానికే తాగారు. వాటిని పవిత్రం చేస్తే శుద్ధి చేసినవాళ్ళ తర్కంలోకే మనం తిరిగి నడిచినట్టు. మహాడ్ నీళ్ళు నిజంగా నిలిచి ఉన్నది సీసాలో కాదు, రాజ్యాంగం 15వ అధికరణంలో. కులం పేరుతో బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వాడకుండా ఎవరినీ ఆపరాదని అందులో ఉంది. ఆ వాక్యాన్ని మన ఊరి కుళాయి దగ్గర అమలు చేయించడమే మహాడ్ తీర్థయాత్రకు ఫలం.

ఈ మాట తెలుగునేల మీద ఎంత అవసరమో చీరాల చెబుతుంది. 1921లో మునిసిపాలిటీ వద్దని, పెరిగిన పన్నులు కట్టబోమని చీరాల, పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్ళు విడిచి, ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి కాపురం చేశారు. స్వాతంత్ర్య పోరాట చరిత్రలో అది గొప్ప ఘట్టం. 1985 జూలైలో అదే చీరాల దగ్గరి కారంచేడులో, మంచినీళ్ళ చెరువును పాడుచేయవద్దన్నందుకు గొడవ మొదలైంది. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు మాదిగవాడ మీద దాడిలో ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలకు పరుగెత్తుకొచ్చి, మళ్ళీ ఆ ఊరికి పోమని భీష్మించి, విజయనగర్ కాలనీలో బతుకు కట్టుకున్నారు. మహాడ్‌కు 58 ఏళ్ళ తర్వాత, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 35 ఏళ్ళ తర్వాత, మళ్ళీ ఒక చెరువు గట్టునే ఇది మొదలైంది. రెండూ ఊరు విడిచి న్యాయం అడిగిన పోరాటాలే. చీరాల వెళ్ళినవాళ్ళు రెండు చోట్లా నిలబడాలి. ఒకచోట మాత్రమే నిలబడి వచ్చినవాళ్ళకు స్వాతంత్ర్యం సగమే అర్థమవుతుంది.

చట్టం కూడా ఈ విషయంలో చక్కని తేడా చూపింది. జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలను కాపాడే బాధ్యతను 49వ అధికరణం రాజ్యానికి అప్పగించింది. పౌరుల ప్రాథమిక విధులు చెప్పే 51-ఏ అధికరణం స్వాతంత్ర్య పోరాటానికి స్ఫూర్తినిచ్చిన ఆదర్శాలను గుండెల్లో పెట్టుకుని ఆచరించమంది. రాయిని కాపాడడం ప్రభుత్వం పని, ఆదర్శాన్ని ఆచరించడం మన పని. ప్రభుత్వం రాళ్ళకు రంగులేస్తుంటే చూసి చప్పట్లు కొట్టి, మన పనిని పక్కన పెట్టడం విధి తప్పడమే.

అందుకే మాతో వచ్చేవాళ్ళకు మేము మూడు నియమాలు పెట్టుకున్నాము. బయలుదేరే ముందు ఆ చోటి గురించి ఒక పుస్తకమైనా కలిసి చదవాలి. నాగపూర్ దీక్షాభూమిలో, ముంబాయి చైత్యభూమిలో మనవాళ్ళు దండలకన్నా పుస్తకాల కోసం ఎక్కువగా ఎగబడతారు. అది మన యాత్రలకున్న మంచి లక్షణం, పోగొట్టుకోకూడదు. వెళ్ళిన చోట కాసేపు మాట్లాడకుండా నిలబడాలి. ఆ తర్వాత రెండు ప్రశ్నలు అడగాలి: ఇక్కడి పలకల మీద ఎవరి పేర్లు లేవు? ఇక్కడ ఊడ్చేవాళ్ళు, మరుగుదొడ్లు కడిగేవాళ్ళు ఎవరు, వాళ్ళ జీతం ఎంత, చేతికి తొడుగు ఉందా? స్వాతంత్ర్య స్మారకమైనా, మన మహాడ్ అయినా ఈ ప్రశ్న మారదు. మన సభ ముగిశాక ఆ చెత్తను మళ్ళీ మనలాంటి వాడ నుంచి వచ్చిన అక్కే ఊడుస్తుంటే, ఆ రోజు మనం ఇచ్చిన నినాదాలకు విలువేమిటి?

మూడో నియమం ఇంటికి వచ్చాక. అశోకుడు పట్టాభిషేకమైన ఇరవై ఏళ్ళకు లుంబినీ వెళ్ళాడు. అక్కడ రాతిస్తంభం నిలబెట్టించి, బుద్ధుడు పుట్టిన ఊరని చెప్పి ఆ గ్రామానికి బలి అనే పన్ను తీసేశాడు. పంటలో రాజుకిచ్చే వాటాను ఎనిమిదో వంతుకు తగ్గించాడు. స్తంభం చూడడానికి ఇవాళ ప్రపంచం వెళుతుంది. ఆనాటి లుంబినీ రైతుకు మాత్రం ఆ యాత్ర అంటే కళ్ళంలో మిగిలిన గింజలు. మనం రాజులం కాము, పన్నులు తగ్గించలేము. కానీ ప్రతి యాత్ర తర్వాత మన ఊళ్ళో ఒక మనిషి బరువు కొంచెమైనా తగ్గించగలం. రెండు గ్లాసుల పద్ధతి నడిచే హోటల్ మీద ఫిర్యాదు రాయవచ్చు. శ్మశానానికి దారి లేని వాడకు దారి కోసం అర్జీ పెట్టవచ్చు. బడి మానేసిన ఆడపిల్లను మళ్ళీ బడికి పంపవచ్చు.

నాలుగు రోజుల కూలి పోతుందని అడిగిన అన్నకు, తల ఎందుకు వంచాలని అడిగిన తమ్ముడికి మా జవాబు ఇదే. తల వంచడానికి వెళ్ళొద్దు, మేలుకోవడానికి వెళ్ళండి. మేలుకున్నామన్న దానికి గుర్తు మనం తెచ్చే ఫొటోలో ఉండదు. మన వాడలో ఎవరో ఒకరి బతుకు మునుపటికన్నా కాస్త తేలికైందా లేదా అన్నదాంట్లోనే ఉంటుంది.